ఆసా ట్రాస్క్ పిల్లనెత్తుకుపోయిన రోజు

టామరాక్ నది మీద ఆసా ట్రాస్క్‌తో కలిసి నేను మొత్తం పద్నాలుగేళ్ళు తెప్ప నడిపాను. ముందు తెడ్డు ఆయనది, వెనక తెడ్డు నాది. ఆ పద్నాలుగేళ్ళలో ఆయన నాతో అన్న మాటలన్నీ పోగేసినా మా పాస్టరు గారి ఆదివారం ప్రసంగంలో సగానికి రావు. "కుడికి." "పట్టు." "వదులు." "తిన్నావా?" రోజంతా వినబడేవి ఈ నాలుగే. మొదట్లో నాకు పిచ్చెక్కినట్టుండేది. తర్వాత అలవాటైపోయింది.

ఆయనది ఎక్కడో తూర్పు కొసన ఉన్న మెయిన్ రాష్ట్రం. చిన్నప్పటి నుంచీ అక్కడి నదుల్లో దుంగలు తోలినవాడు. భార్య థర్జాను, ఒక ఎడ్లబండిని వెంటబెట్టుకుని అందరితో పాటు పడమరకి వచ్చి మా హాక్లీ బెండ్‌లో దిగాడు. అప్పటికి ఊరంటే పద్దెనిమిది కుటుంబాలు. అందరూ మిట్ట పక్కన నేలని తొలిచి, పైన గడ్డి పెళ్ళలు కప్పుకుని, ఆ బొరియల్లోనే కాపురాలు చేస్తున్నారు. చుట్టూ ఎటు చూసినా గడ్డి కొండలే. నలభై మైళ్ళ లోపల గొడ్డలి కామకి పనికొచ్చే చెట్టు కూడా లేదు. కలపంతా నది ఎగువన, రెండు పాయలు కలిసే చోట కోతమిల్లు దగ్గర ఉంది. అక్కడి నుంచి ఊరికి బండి దారి లేదు.

"అక్కడ కలప ఉంది, ఇక్కడ మనం ఉన్నాం. మధ్యలో నది ఉంది కదా," అన్నాడట ట్రాస్క్. ఆ ఏడాది ఆయన నోటి నుంచి వచ్చిన అతి పెద్ద వాక్యం అదేనని థర్జా నవ్వుతూ చెప్పేది. గొడ్డలి భుజాన వేసుకుని ఒక్కడే ఎగువకి నడిచి వెళ్ళిపోయాడు. చచ్చాడనే అనుకున్నారు అందరూ. మూడు వారాల తర్వాత, ఇల్లంత పొడుగున్న పలకల దొంతర మీద నిలబడి, తెడ్డు చేతబట్టుకుని, ఏమీ జరగనట్టు మలుపు తిరిగి వచ్చాడు.

ఊళ్ళో చెక్క నేల ఉన్న మొదటి ఇల్లు ఆయనదే. ఆడవాళ్ళు వంతులేసుకుని వచ్చి, బూట్లు విప్పి, ఆ నేల మీద వట్టి కాళ్ళతో ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచి వెళ్ళేవారట. ఒకావిడైతే మధ్యలో కూర్చుని ఏడ్చిందట. ఆ తర్వాత ఊళ్ళో లేచిన ప్రతి ఇంటి గోడా, ప్రతి కొట్టమూ, చర్చి బల్లలూ, పిల్లల ఉయ్యాలలూ, ఆఖరికి శవపేటికలూ, అన్నీ ఆయన తెప్ప మీద దిగినవే. అందరూ బొరియలు వదిలేసి నది పక్క పల్లంలోకి దిగి ఇళ్ళు కట్టుకున్నారు. తెప్ప నుంచి కలప దించుకోవడానికి అదే సుళువు కదా.

నేను ఆయన దగ్గర చేరింది పద్దెనిమిది వందల డెబ్బై ఆరులో. ఇప్పుడు చెప్పబోయేది ఎనభై ఒకటి జూన్ నెలలో, ఒక శనివారం జరిగింది.

ఆ ఏడు కొండల్లో మంచు ఎక్కువ పడింది. దాని మీద మూడు వారాలు ఎడతెగని వాన. మేం కోతమిల్లు దగ్గర బడి కట్టడానికి కావలసిన పలకలు తెప్పగా పేర్చుకుని శుక్రవారం బయల్దేరాం. శనివారం ఊరంతా కలిసి బడి చట్రం నిలబెట్టేలాగా, మధ్యాహ్నానికి మేం గోడ పలకలు చేర్చేలాగా ఏర్పాటు. ఆ రోజు పొద్దున వాన వెలిసింది. ఆకాశం కడిగినట్టుంది. ఏడు గంటల వేళ మా వెనక కొండల్లో ఉరిమినట్టయింది. మామూలు ఉరుము కాదు, చాలాసేపు సాగింది. కాళ్ళ కింద పలకలు సన్నగా అదిరాయి.

"మబ్బు లేకుండా ఉరుమేంటి?" అన్నాను.

ట్రాస్క్ వెనక్కి తిరిగి కొండల వైపు చాలాసేపు చూశాడు.

మరో గంటకి తెడ్డు బరువెక్కింది. నీళ్ళలో వడి తగ్గుతోంది. ఒడ్డున రాళ్ళ మీద తడి గీత కనబడుతోంది. జానెడు, తర్వాత మూరెడు. ముందురోజు దాకా ఒడ్డులు కోసుకుంటూ పారిన నది అలా దిగిపోతుంటే నేను ట్రాస్క్ ముఖం చూశాను. ఆయన చూపంతా నీళ్ళ మీదే ఉంది. ఎప్పుడూ రెండు నిలువుల లోతుండే చోట తెప్ప అడుగు గరగరమని గులకరాళ్ళకి ఒరుసుకుంది. ఒకసారి ఊగింది. ఆగిపోయింది.

నదికి నడిమధ్యన నిలబడి ఉన్నాం. చుట్టూ నీళ్ళు దిగిపోతూనే ఉన్నాయి. పావుగంటలో తెప్ప పూర్తిగా నేల మీద కూర్చుంది. నల్లటి బండలు, పాకుడు పట్టిన చెట్ల మొద్దులు, పుట్టాక ఎన్నడూ ఎండ చూడనివి, ఒక్కొక్కటే బయటపడ్డాయి. రాళ్ళ మధ్య చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. వాటన్నిటికంటే నన్ను భయపెట్టింది నిశ్శబ్దం. ఐదేళ్ళుగా పగలూ రాత్రీ నా చెవుల్లో ఉన్న హోరు లేదు. ఎవరో చెవులు మూసేసినట్టు అనిపించి తల విదిలించుకున్నాను.

ట్రాస్క్ తెప్ప దిగి మోకాళ్ళ మీద కూర్చుని తడి రాళ్ళ మీద అరచెయ్యి ఆనించాడు.

"ఏమైంది ట్రాస్క్ గారూ? నదెక్కడికి పోయింది?"

"ఎక్కడికీ పోలేదు. కొండ విరిగి అడ్డం పడింది. వెనకాల నిండుతోంది."

"అయితే?"

"మట్టి కట్ట ఎంతసేపు ఆగుతుంది ఓరిన్? తెగుతుంది. గంటలోనో రెండు గంటల్లోనో."

నాకు అప్పటికి గాని అర్థం కాలేదు.

మేం ఆగిన చోట నది పెద్ద వంపు తిరుగుతుంది. ఒడ్డు వెంట మూడు మైళ్ళు నడిస్తే ట్రాస్క్ ఇల్లు వస్తుంది. తెప్పలు కట్టేసుకోవడానికి వీలుగా ఆయన ఊరికి దూరంగా, నీళ్ళ పక్కనే కట్టుకున్నాడు. అక్కడి నుంచి ఊరు మరో రెండు మైళ్ళు. అదే వంపు చుట్టకుండా కనుమ ఎక్కి దిగితే నాలుగు మైళ్ళలో తిన్నగా ఊళ్ళోకి పోవచ్చు. కానీ ఆ దారిలో ట్రాస్క్ ఇల్లు తగలదు.

ఆయన ఒక్క క్షణం ఇంటి వైపు చూశాడు. తర్వాత నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాగాడు.

"నేను కనుమ మీదుగా ఊళ్ళోకి పోతాను. నువ్వు మా ఇంటికి పో. థర్జా ఇంకా ఇల్లు కదిలుండదు, పైకెక్కించు. ఏమన్నా సరే వినకు. మోసుకునైనా ఎక్కించు."

"మీరు ఇంటికెళ్ళండి. ఊళ్ళోకి నేను పోతాను."

"నీ మాట వినరు," అన్నాడు.

అది నిజమే. నేను ఊళ్ళో అందర్నీ ఆటపట్టించేవాణ్ణి. అంతకుముందు ఏడు కొట్టం తగలబడుతోందని అబద్ధం చెప్పి ఊరందర్నీ బకెట్లతో పరిగెత్తించాను కూడా. నా మొహం చూసి ఎవరూ కదలరు. ఆయన బూట్లు విప్పి పక్కన పారేసి, నలభై ఆరేళ్ళ మనిషి, కొండ గొర్రెలాగా కనుమ ఎక్కడం మొదలుపెట్టాడు. నేను ఒడ్డు వెంట పరిగెత్తాను.

ఊళ్ళో ఏం జరిగిందో నేను తర్వాత పదిమంది నోట విన్నాను. అందరూ ఒక్కలాగే చెప్పారు.

బడి చట్రం పొద్దున తొమ్మిదికే నిలబెట్టేశారు. ఆడవాళ్ళు బల్లల మీద మొక్కజొన్న రొట్టె, బీన్సు, ఉప్పు పంది మాంసం, ఆపిల్ పైలు సర్దుతున్నారు. అంతలో ఎవరో, "నది చూడండర్రా!" అని కేక పెట్టారు. అందరూ ఒడ్డుకి పరిగెత్తారు. నది ఎండిపోతోంది. గుంటల్లో సామన్ చేపలు, చేతికి అందేవి, మోకాలి దాకా వచ్చేంత పొడుగువి, తోకలు కొట్టుకుంటున్నాయి. ఇంకేముంది, సుత్తులు పారేసి మగవాళ్ళు, గరిటెలు పారేసి ఆడవాళ్ళు, పిల్లలు, అందరూ నదిలోకి దిగిపోయారు. ఏప్రాన్‌లలో చేపలు, బకెట్లలో చేపలు, టోపీల్లో చేపలు. పాస్టరు స్టెబిన్స్ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఒక గుంటలో నిలబడి దేవుడికి స్తోత్రం చెబుతున్నాడట.

ట్రాస్క్ కనుమ దిగి వచ్చేసరికి ఊరు ఊరంతా నది కడుపులో ఉంది.

పాదాలు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. చొక్కా చిరిగి వేలాడుతోంది. ఒడ్డు మీద నిలబడి అరిచాడు.

"పైకి రండి! అందరూ పైకెక్కండి! నీళ్ళొస్తున్నాయి!"

అందరూ తలెత్తి చూశారు. భయపడి కాదు, ఆశ్చర్యపడి. ఈ మనిషి గొంతు ఇంత గట్టిగా ఉంటుందని ఊళ్ళో ఎవరికీ తెలియదు.

"అమ్మో, ఈయనకి నోరుందే!" అందొకావిడ. పక్కనున్నవాళ్ళు పకపకా నవ్వారు.

జాబెజ్ మాక్లిన్ అని మా ఊళ్ళో వడ్రంగి. మంచివాడే కానీ నోరు ఊరుకోదు. రెండు చేతుల్లో రెండు చేపలు పట్టుకుని, "ఏమయ్యా ట్రాస్కూ, తెప్ప ఏది? నువ్వు లేటు చేస్తున్నావని నది అలిగి ఇంటికెళ్ళిపోయింది చూడు!" అన్నాడు.

"కొండ విరిగి పడింది జాబెజ్! నది ఆగింది! అది తెగుతుంది! ఎక్కండయ్యా!"

"తెగితే తెగనీ. ఈ లోపల ఇంకో రెండు బుట్టలు నింపుకుంటాం."

"పొద్దున్నే ఏం పట్టించాడో!" అన్నాడు ఇంకొకడు.

"అంతదూరం వట్టి కాళ్ళతో పరిగెత్తుకొచ్చాడు పాపం. నాయనా ఆసా, ముందు కూర్చుని కాసిని మంచినీళ్ళు తాగు," అన్నాడు పాస్టరు.

ట్రాస్క్ నదిలోకి దూకాడు. ఒకరి చెయ్యి పట్టుకుని లాగాడు, వాళ్ళు విదిలించుకున్నారు. ఇంకొకరి బుట్ట తన్నేశాడు, వాళ్ళు తిట్టారు. ఒక ముసలాయనని భుజాన వేసుకోబోతే ఆయన కర్రతో మొత్తాడు. అరవైమందికి పైగా ఉన్నారు. ఒక్కొక్కర్నీ మోసుకెళ్ళేంత సమయం లేదు. ఏం చెయ్యాలో తెలియక ఆయన గుండ్రంగా తిరిగి చూశాడట. అప్పుడు ఆయన కళ్ళు చూసినవాళ్ళు, నిజంగానే పిచ్చెక్కిందనుకున్నారు.

జాబెజ్ కూతురు టెంపీ నాలుగేళ్ళది. ఒక బండ మీద కూర్చుని ఒళ్ళో చిన్న చేపపిల్లని పెట్టుకుని ఆడుకుంటోంది. ట్రాస్క్ ఒక్క అంగలో వెళ్ళి ఆ పిల్లని చంకలో ఇరికించుకుని మిట్ట వైపు పరుగు తీశాడు.

పిల్ల కెవ్వుమంది. తల్లి పెర్మీలియా వెనక్కి తిరిగి చూసి, "నా పిల్ల! అయ్యో నా పిల్ల!" అని గుండెలు బాదుకుంటూ వెంటపడింది. జాబెజ్ చేపలు విసిరేసి, "ఒరేయ్! దించరా దాన్ని! దించు!" అని సుత్తి అందుకుని పరిగెత్తాడు. "పట్టుకోండి! వాడికి పిచ్చెక్కింది! పిల్లని చంపేస్తాడు!" అని కేకలు. మగవాళ్ళందరూ కదిలారు. ఆడవాళ్ళు తమ పిల్లల్ని చంకనేసుకుని వెనకాలే. ఏం జరుగుతోందో తెలియనివాళ్ళు కూడా, అందరూ పోతున్నారు కదా అని పరిగెత్తారు. ఊళ్ళో ఇళ్ళ మధ్య నుంచి, బడి చట్రం పక్క నుంచి, భోజనాల బల్లలు తన్నుకుంటూ, మిట్ట మీదికి.

ట్రాస్క్ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. పిల్ల తన చెయ్యి కొరికి నెత్తురు తెప్పించినా వదల్లేదు. పైకి, ఇంకా పైకి, పాత బొరియలు దాటి, మిట్ట నెత్తి మీద చదునుగా ఉన్న చోటికి పోయి, పిల్లని మెల్లిగా గడ్డి మీద నిలబెట్టాడు. నిలబెట్టి వంగినవాడు లేచేలోపే జాబెజ్ అందుకున్నాడు.

సుత్తి కామతో దవడ మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు పక్కనున్నవాళ్ళకి వినబడింది. కింద పడ్డాక ఇంకో నలుగురు కాళ్ళతో తన్నారు. ట్రాస్క్ చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఒక చెయ్యి ఎత్తి ఎగువ వైపు చూపిస్తూనే ఉన్నాడు. దవడ వేలాడిపోయి మాట రాలేదు.

అప్పుడు వినబడింది.

మొదట గాలి అనుకున్నారు. నది లోయ వెంట చల్లటి, మట్టి వాసన గాలి ఒక్క తోపుగా వచ్చింది. తర్వాత నేల అదిరింది. తన్నుతున్నవాళ్ళ కాళ్ళు ఆగిపోయాయి. ఎగువ వంపు దగ్గర ఒక గోడ కనబడింది. అది నీళ్ళలా లేదట. గోధుమ రంగులో, వేళ్ళతో సహా పెకిలించుకొచ్చిన చెట్లతో, ఇళ్ళంత బండలతో, కదిలి వస్తున్న కొండలా ఉందట. చర్చి మొదట పోయింది. తర్వాత ఇళ్ళు ఒకదాని వెనక ఒకటి. కొన్ని ఉన్నపళాన పైకి తేలి, కాసేపు తిరిగి, విచ్చిపోయాయి. కొత్త బడి చట్రం చూస్తుండగానే లేదు. అంతా అయిపోవడానికి, నెమ్మదిగా ఒక ప్రార్థన చదివినంతసేపు కూడా పట్టలేదు.

మిట్ట మీద ఎవరూ అరవలేదు. అదే నాకు అందరూ చెప్పారు. ఒకావిడ చేతిలో ఇంకా చేపల బకెట్ ఉంది. జాబెజ్ చేతిలో సుత్తి ఉంది. ఆయన దాని వంక చూసుకున్నాడు. తర్వాత ట్రాస్క్ వంక చూశాడు. సుత్తి కింద పెట్టి, పక్కకి వెళ్ళి, వంగి వాంతి చేసుకున్నాడు.

ఇక నా సంగతి. నేను ట్రాస్క్ ఇంటికి చేరేసరికి ఇంట్లో ఎవరూ లేరు. "థర్జమ్మా! థర్జమ్మా!" అని చుట్టూ తిరిగి పిలిచాను. పొయ్యి ఆరిపోయి ఉంది. బడి కట్టే చోటికి పొద్దున్నే వెళ్ళిపోయిందని అర్థమైంది. హమ్మయ్య అనుకున్నాను. ట్రాస్క్ ఊళ్ళోకే పోయాడు కదా, అందర్నీ పైకెక్కించి ఉంటాడు, ఆవిడా వాళ్ళతోనే ఉంటుంది. కొండ పక్కకి ఎక్కి, సగం ఎక్కానో లేదో, నా కాళ్ళ కింద నుంచి ఆ గోడ పోయింది. ట్రాస్క్ ఇల్లు ఎక్కడుందో చూద్దామని వెనక్కి తిరిగాను. అక్కడ ఇల్లున్న ఆనవాలే లేదు. నేను నేల మీద కూర్చుండిపోయాను. ఎంతసేపో గుర్తులేదు.

తర్వాత కొండ అంచు పట్టుకుని ఊరి మిట్టకి నడిచాను. నన్ను చూడగానే ట్రాస్క్ జనాన్ని తోసుకుంటూ లేచి నిలబడ్డాడు. ముఖమంతా నెత్తురు. దవడకి ఎవరో గుడ్డ కట్టారు. ఆయన నా వంక చూడలేదు. నా భుజం మీదుగా, నా వెనకాల ఎవరొస్తున్నారా అని చూశాడు.

అదే సమయంలో నేను ఆయన వెనకాల, ఆ గుంపులో, థర్జా నీలం బానెట్ టోపీ కోసం వెతుకుతున్నాను.

ఇద్దరం ఒకేసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"థర్జమ్మ మీతో లేదా?" అన్నాను.

జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. పెర్మీలియా కూతుర్ని గుండెకి అదుముకుని ఉన్నది, ఒక్కసారిగా పిల్లని దించి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"దేవుడా! దిగువ మలుపు అవతల ఉంది. ముసలి ఫిన్నీతో కలిసి వెళ్ళింది. అక్కడ పెద్ద చేపలున్నాయంది. ఆసా మధ్యాహ్నానికి వస్తాడు, వండిపెడతానంది."

మలుపు అవతల ఉన్న థర్జా ట్రాస్క్‌కి కనబడలేదు. ఆవిడకి ఆయన కేక వినబడలేదు. ఊరంతా పైకి పరిగెత్తినప్పుడు మలుపు అవతల ఇద్దరు మిగిలిపోయారని ఎవరికీ గుర్తు రాలేదు. ఆమె ఇంట్లో ఉందనీ, నేను చూసుకుంటాననీ నమ్మి ఆయన ఇంకొకరి పిల్లని ఎత్తుకుని కొండెక్కాడు.

ట్రాస్క్ అరవలేదు. ఏడవలేదు. దవడ విరిగినవాడికి ఏడవడం కూడా కుదరదని నాకు అప్పుడే తెలిసింది. మెల్లిగా మిట్ట దిగి, బురద నీటి అంచు వెంట దిగువకి నడవడం మొదలుపెట్టాడు. నేను వెంట వెళ్ళాను. కొంత దూరం పోయాక వెనక అడుగుల చప్పుడైతే చూశాను. జాబెజ్. మా వెనక ఇరవై గజాల దూరంలో, దగ్గరికి రాకుండా, ఆగకుండా వస్తున్నాడు.

ముసలి ఫిన్నీ మర్నాడు దొరికాడు. థర్జా నాలుగో రోజున, తొమ్మిది మైళ్ళ దిగువన, కొట్టుకొచ్చిన పలకలూ మానులూ గుట్టగా పేరుకున్న చోట దొరికింది. ఆ గుట్టలో ఊరంతా ఉంది. తలుపులు, ఉయ్యాలలు, చర్చి బల్లలు. ఆ పలకలన్నీ తెప్ప కట్టి తెచ్చింది ట్రాస్కే. ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టుకుంటూ భార్య దగ్గరికి చేరాడు. జాబెజ్ అవతలి పక్క నుంచి తీసుకుంటూ వచ్చాడు. శవపేటిక అక్కడే ఆ పలకలతోనే జాబెజ్ చేశాడు. రెండుసార్లు కొలిచి, అంచులన్నీ నున్నగా చిత్రిక పట్టాడు.

అక్కడ పాతిపెట్టాక జాబెజ్ ట్రాస్క్ ముందు నిలబడి, "నన్ను కొట్టు ఆసా. చంపినా సరే," అన్నాడు. ట్రాస్క్ ఆయన భుజం మీద చెయ్యి వేసి పక్కకి జరిపి, పార తీసుకుని ఊరి దారి పట్టాడు.

ఆరు వారాలు ఆయన దవడకి కట్టు ఉంది. జనం మళ్ళీ ఆ పాత బొరియల్లోకే చేరారు. ఆ మిట్ట మీద అంతకుముందు ఎప్పుడూ నెజ్ పెర్స్ అనే అక్కడి ఆదివాసులు డేరాలు వేసుకునేవారు. పల్లంలో అంత చదును నేల ఉండగా వీళ్ళు పైకెందుకు పోతారని మేం నవ్వుకునేవాళ్ళం. ఎందుకని ఒక్కళ్ళమూ అడగలేదు. పెర్మీలియా రోజూ పలచగా గంజిలాంటి సూప్ కాచి, రెల్లు గొట్టంతో ఆయన చేత తాగించేది. టెంపీ మాత్రం చాలా రోజులు ఆయన్ని చూస్తే భయపడి తల్లి గౌను వెనక దాక్కునేది. ఎంత చెప్పినా దానికి అర్థమయ్యేది కాదు.

సెప్టెంబరులో ఒక పొద్దున ట్రాస్క్ గొడ్డలి భుజాన వేసుకుని నా బొరియ ముందుకొచ్చి నిలబడ్డాడు. దవడ ఒక పక్కకి వంకరగా అతుక్కుంది. మాట ముద్దగా వస్తోంది.

"చలికాలం వస్తోంది. కలప కావాలి," అన్నాడు.

నాకు నది వంక చూడాలంటేనే వణుకు. ఆ మాటే చెప్పాను.

"నాక్కూడా," అన్నాడు.

వెళ్ళాం. దారిలో కొండ విరిగిన చోటు చూశాం. సగం కొండ లేదు. ట్రాస్క్ అక్కడ ఆగలేదు. నాలుగు తెప్పలు దించాం ఆ చలికాలానికి ముందు. ఈసారి ఇళ్ళన్నీ మిట్ట మీదే లేచాయి. పలకలు పైకి మోయడానికి ఎవరినీ పిలవనక్కర్లేకపోయింది. మూడో తెప్ప నుంచి జాబెజ్ కూడా మాతో వచ్చాడు. వడ్రంగి పని ఊళ్ళో కుప్పలుగా ఉంటే నువ్వెందుకయ్యా అంటే, "తెప్పకి సీలలు సరిగ్గా కొట్టేవాడు లేడు," అన్నాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు మాతోనే ఉన్నాడు. ఊళ్ళో ఎవరినీ వేళాకోళం చెయ్యడం మళ్ళీ వినలేదు నేను.

ఆ రోజు గురించి ట్రాస్క్ నన్ను ఒకే ఒక్కసారి అడిగాడు. ఎనభై ఏడు వసంతంలో అనుకుంటాను. తెప్ప నిదానంగా పోతోంది. ఆయన ముందు తెడ్డు దగ్గర నుంచి వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"ఆ రోజు మా ఇంటి దగ్గర ఎంతసేపున్నావు?"

ఆరేళ్ళుగా నేను ఎదురుచూస్తున్న ప్రశ్న. అబద్ధం చెప్పలేకపోయాను.

"కాసేపు కూర్చున్నాను. ఆవిడ ఊళ్ళోకెళ్ళిందని తెలిశాక నిమ్మళించి, మెట్టు మీద కూర్చుని, కుండలో మజ్జిగుంటే తాగాను. రెండు గ్లాసులు. వెంటనే ఊరి వైపు పరిగెత్తి ఉంటే..."

"చేరేవాడివి కాదు."

"ఏమో. నాకు తెలీదు."

"చేరేవాడివి కాదు ఓరిన్. నేను లెక్కేశాను. చాలాసార్లు." కొంతసేపు తెడ్డు వేశాక మళ్ళీ అన్నాడు, "మజ్జిగ బాగా చేసేది."

"అవును."

"కుడికి," అన్నాడు. నేను కుడికి తోశాను.

తొంభైలో రైలు దారి వచ్చింది. కలప రైల్లో రావడం మొదలయ్యాక తెప్పల పని ఆగిపోయింది. నేను రైలు వంతెన మీద కాపలా పనిలో చేరాను. ట్రాస్క్ మిట్ట మీద తన ఒంటి గదిలో ఉండి గొడ్డలి కామలు చెక్కుకుంటూ బతికాడు. వేసవిలో మాత్రం తొమ్మిది మైళ్ళు దిగువకి నడిచి వెళ్ళి రెండు రోజులుండి వచ్చేవాడు. తోడు వస్తానంటే వద్దనేవాడు. పంతొమ్మిది వందల రెండు ఫిబ్రవరిలో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, ఐదు రోజులు మంచాన పడి పోయాడు. మోయడానికి ఊళ్ళో మగవాళ్ళందరూ పోటీ పడ్డారు. నది గడ్డకట్టి ఉంది. ఆ మంచు మీదుగానే, స్లెడ్జి బండి మీద పెట్టి లాక్కుంటూ, ఆయన్ని థర్జా పక్కకి చేర్చి వచ్చాం.